అనువాదము – పాఠకుని ఆనందము

అనువాదములో వాక్యము కుంటుపడినదని తెలిసినంతనే ఆ గ్రంథమును ముట్టరాదని శాసించు విమర్శకులు పలువురు కలరు. ఆ శాసనమును లెక్కచేయక చదువు పాఠకులు అంతకంటె హెచ్చుగా కలరు. ఈ ఇరుతెగలలో సాహిత్యమునకు మేలు చేయుచున్నవారెవరో విచారింపవలసియున్నది.

జుగ్సలాయి ఇందుకు మంచి నిదర్శనము. టాటానగర్ స్టేషను చెంతనున్న ఈ పట్టణమునను, జంషెడ్‌పూరులోని ఇతర పేటలయందును, ఉక్కు కర్మాగారపు పనులకై వలస వచ్చిన తెలుగువారి సంతతి కలదు. అట్టి కుటుంబపు బాలునకు ఇంట తెలుగు, బడిలోను బజారులోను హిందీ. ఇంగ్లీషు నవలను సునాయాసముగ చదువగల భాగ్యము అందరకు లభింపదు. రౌలింగు రచించిన హారీ పాటర్ నవలలు ఏడును 1997 మొదలు 2007 వరకు వెలువడినవి. మొదటిదానిని సుధీర్ దీక్షిత్ హిందీలోనికి తెచ్చినాడు. అది తెలుగులోనికిని వచ్చినది. ఇంగ్లీషు రాని బాలునకు ఆ మాంత్రిక విద్యాలయపు తలుపు తెరచునది ఇట్టి అనువాదమే.

ఇట్టి గ్రంథములలో ఇంగ్లీషు వాక్యపు ఎముకలు పైకి కనిపించుచున్నవనియు, ఏ ఊరిలోను ఎవ్వరును మాటలాడని తీరున పాత్రలు మాటలాడుచున్నవనియు విమర్శకుల ఆక్షేపణ. అది చాలవరకు నిజమే. కాని పాఠకుడు ఈ లోపమును గుర్తింపలేని మూఢుడనుట నిజము కాదు. అతడు గుర్తించును, నవ్వుకొనును, పుట తిప్పును. పెదతల్లి యింట మెట్లక్రింది అరలో పడుకొను అనాథ బాలుడు, తనకును ఒక చోటు కలదని తెలిసికొనుట అతనికి కావలసిన విషయము. నాదముపై నిలిచిన గేయము అనువాదములో మరణింపవచ్చును; సంఘటనల కూర్పుపై నిలిచిన కథ వంకర వాక్యములోనుండియు నడచిపోవును.

పైగా అనువాదమునకు దాని గెలుపులును కలవు. మూలములోని మంత్రములు పెక్కు లాటిను పోలికతో కల్పింపబడినవి. హిందీలో వానికి సంస్కృతపు పోలిక నిచ్చినారు. ఇంగ్లీషు బాలునకు లాటిను ఎట్టిదో, భారతీయ బాలునకు మంత్రభాషగా సంస్కృతము అట్టిదే. మొదటి నవలలోని రాయి హిందీలో పారస్ పత్థర్ అయినది. ఇనుమును బంగారము చేయు పరుసవేది తెలుగువారికి క్రొత్త కాదు. దోషముల జాబితా వ్రాయువారు ఈ పద్దును ఏల విడిచిరి?

ఈ తగవు నేటిది కాదు. దేవకీనందన్ ఖత్రీ 1888లో వెలువరించిన చంద్రకాంత అనువాదము కాదు. కాని మాయలు, తిలిస్ములు నిండిన ఆ కథపైనను ఇట్టి తీర్పే వచ్చినది. హిందీ సాహిత్య చరిత్రకారుడు రామచంద్ర శుక్ల దానిని ఉత్తమ సాహిత్యకోటిలో చేర్పలేదు. అయినను దానిని చదువుటకై ఎందరో ఉర్దూ పాఠకులు హిందీ నేర్చిరనియు, ఖత్రీవలె పాఠకులను సృష్టించినవాడు మరియొకడు లేడనియు ఆయనయే అంగీకరించినాడు. తీర్పు కఠినమే, కాని ఋణమును దాచలేదు. నేటి విమర్శకులలో కొందరికి ఆ నిజాయితీయు కొరవడినది.

అయితే పాఠకుని సహనము ప్రకాశకునకు పట్టా కారాదు. కథ ఎట్లయినను అమ్ముడుపోవునని, అనువాదకునకు చాలినంత గడువును ప్రతిఫలమును ఈయక, వ్రాతప్రతిని పైకి చదివి సరిదిద్దించక, అచ్చువేయుట ఆ బాలుని ప్రేమను దోచుకొనుటయే. సిగ్గుపడవలసినవాడు చదివినవాడు కాదు. ప్రేమించిన పాఠకునకే రెండవ అనువాదమును, మెరుగైన దానిని, కోరు హక్కు కలదు.

జుగ్సలాయికి సమీపముననున్న సాక్చీ కొలిమినుండి 1911 డిసెంబరులో వెడలినది ఇనుము. ఉక్కు 1912లో గాని రాలేదు. ఆ ఇనుమును మోటుదని పారవేసియున్నచో ఉక్కు పుట్టెడిది కాదు. ఆ ఇనుమునే ఉక్కని చెప్పి అమ్మజూపుటయు తగదు.