ఆన్‌లైన్ అంగడిలో తెలుగు కొనుగోలుదారు

కొనవచ్చిన వారికి తెలిసిన భాషలో సరుకు గుణదోషాలు చెప్పడం దుకాణదారుని మొదటి విధి అని మా అభిప్రాయం. ఆన్‌లైన్ దుకాణాలనూ ఈ కొలతతోనే కొలవాలి.

2007లో పుస్తకాల అమ్మకంతో ఆరంభమైన ఫ్లిప్‌కార్ట్, 2013లో మన దేశంలో అంగడి తెరచిన అమెజాన్, రెండూ 2020లో తెలుగును చేర్చుకున్నాయి. ఇది హర్షింపదగిన విషయమే. కాని తెలుగులో పలికే దుకాణాలన్నీ చివరిదాకా తెలుగులోనే పలుకుతున్నాయా?

శివ్వంపేటలో మాకు తెలిసిన ఒక గృహిణి నిరుడు కుమార్తె కోసం ఒక వెబ్‌సైటులో సిద్దిపేట గొల్లభామ చీర తెప్పించింది. ఆ దుకాణం పేరు ఇక్కడ అనవసరం. 2016 వరకు మన జిల్లాలోనే ఉన్న సిద్దిపేటలో నేతగాండ్రు తలపై కుండ దాల్చిన గొల్లభామను మగ్గం మీదనే చీరలోకి నేస్తారు. వచ్చిన చీరను ఆమె వేలితో తడిమి, "గిది నేసింది గాదు సార్, అద్దింది" అన్నది. ఊరి అంగడిలోనైతే ఆ వేలు కొనకముందే తడిమేది! వెబ్‌సైటులో చీర పేరు, ధర పెద్ద తెలుగు అక్షరాలలో ఉన్నాయి. అచ్చు బొమ్మ అన్న సంగతి మాత్రం అట్టడుగున ఇంగ్లీషులో ఉన్నది. తిరిగి పంపే గడువూ ఇంగ్లీషులోనే. పట్నం నుండి కొడుకు వచ్చి చదివేసరికి ఆ గడువు కాస్తా దాటిపోయింది.

ఆ పేజీలో తెలుగు లిపిలో కనిపించినది 'రిటర్న్ పాలసీ' అన్న శీర్షిక ఒక్కటే. లిపి మారినంత మాత్రాన అది తెలుగవుతుందా? దుకాణం, రసీదు, వాపసు, షరతు, హామీ — ఉర్దూ ద్వారా వచ్చి మన తెలుగులో ఇంకిపోయిన బజారు మాటలివి. 'వాపసు షరతులు' అంటే శివ్వంపేటలో అర్థం కాని ఇల్లు లేదు. రెండు భాషల నడుమ మసలే మన విద్యార్థులకు ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు.

సరుకు వాపసు, సొమ్ము వాపసు వివరాలను కొనుగోలుదారుకు తెలుపవలెనని 2020 నాటి ఇ-కామర్స్ నిబంధనలు విధించాయి. ఫిర్యాదు అందినట్లు 48 గంటలలో తెలిపి, నెలలోగా పరిష్కరించాలని కూడా చెప్పాయి. చదువలేని భాషలో తెలుపడం తెలుపడమేనా?

ఈ వ్యాపారపు మాటలను తెలుగు, ఉర్దూలలో వివరించే చిన్న పట్టికను మన వాణిజ్యశాస్త్ర విద్యార్థులు తయారుచేస్తే, దానిని అచ్చువేయించవలసినదిగా కళాశాల కమిటీవారిని కోరుతున్నాము. జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం నంబరు 1915ను అందులో మొదటి పంక్తిలోనే వేయాలి.