తక్కువకే వస్తోందని కొండెక్కిస్తే...



ఈసారి నోటిఫికేషన్ల గురించి కాదు, హాస్టల్ మెస్ గురించీ కాదు. ఒక కారు గురించి రాస్తున్నాం. నవ్వకండి.

మాతో పాటు పాడేరు హాస్టల్లో పెరిగినవాడు, ఉద్యోగం వచ్చి రెండేళ్లయింది. విశాఖలో సెకండ్ హ్యాండ్‌లో ఒక ఎంజీ హెక్టర్ చూశాడు. 2020 మోడల్, డీజిల్. ఎనిమిదిన్నర లక్షలు చెప్తున్నారట. పైన తెరుచుకునే అద్దం కప్పు, ముందు టీవీ అంత తెర. ఫొటోలు పంపి "ఏటంటార్రా?" అని అడిగాడు. మేము నలుగురం రెండు రాత్రులు దాని మీదే మాట్లాడుకున్నాం. చివరికి మా మాట, వద్దనే. వాడొక్కడికే చెప్పి ఊరుకోవచ్చు గానీ, ఇలాంటి ఫొటోలు ఈ మధ్య చాలామంది తమ్ముళ్లు పంపుతున్నారు. అందుకే అందరికీ రాస్తున్నాం.

ముందు ఆ బండి ఎవరిదో తెలుసుకుందాం. ఎంజీ అంటే బ్రిటన్ కంపెనీ అని చాలామంది అనుకుంటారు. పేరు అక్కడిదే, కానీ 2007 నుంచి అది షాంఘైలోని సాయిక్ కంపెనీ చేతిలో ఉంది. హెక్టర్ అసలు రూపం చైనాలో అమ్మిన బావోజున్ 530 అనే కాంపాక్ట్ ఎస్‌యూవీ. బావోజున్ పేరు మన దగ్గర ఎంతమంది విన్నారు? ఆ కంపెనీ ఉన్నది గ్వాంగ్‌షీలోని ల్యూజౌ నగరంలో. గ్వాంగ్‌షీ జువాంగ్ ప్రజల పేరు మీద ఉన్న స్వయంపాలిత ప్రాంతం, చైనా మైనారిటీ జాతుల్లో అందరికన్నా ఎక్కువ మంది వాళ్లే. ఈ సంగతి చెప్తే మావాడు "అయితే ఇది ట్రైబల్ బండేరా, ఇంకేటి కావాలి" అన్నాడు. మన దగ్గర అమ్మేది మాత్రం 2019 నుంచి గుజరాత్‌లోని హలోల్‌లో తయారవుతోంది.

చైనా బండి కాబట్టి చెడ్డది అని మేము అనం. మన చేతుల్లో ఉన్న ఫోన్లలో సగం ఎక్కడివి? పైగా హెక్టర్ డీజిల్ ఇంజన్ ఫియట్ వాళ్ల డిజైన్, జీప్ కంపాస్‌లో, టాటా హ్యారియర్‌లో ఉన్నదీ ఆ కుటుంబానిదే. విశాఖలోనో హైదరాబాద్‌లోనో కాపురం ఉండి అక్కడే తిప్పుకునేవాడు కొంటే మాకేం అభ్యంతరం లేదు.

కానీ మావాడు కొంటున్నది ఊరి కోసం. అమ్మానాన్నల్ని ఎక్కించుకోవాలని, దిగువ నుంచి ఘాట్ ఎక్కి ఊళ్లోకి సొంత బండిలో రావాలని. ఆ కోరిక మాకు తెలుసు. కమాండర్ జీపు వెనక కమ్మీ పట్టుకుని వేలాడుతూ కాలేజీకి వెళ్లినవాళ్లం మేము కూడా. ఎవడైనా "మీకెందుకురా అద్దం కప్పు" అంటే మాకే ముందు కోపం వస్తుంది.

అయితే మన ఊళ్లలో కారు ఒక్కటే ఉంటే అది ఒక్కడి కారు కాదు. రాత్రి రెండింటికి నొప్పులొచ్చిన అక్కను ఎక్కించాలి. జ్వరంతో మూసిన కన్ను తెరవని పిల్లాడిని పాడేరు ఆసుపత్రికి చేర్చాలి. 108కి ఫోన్ చేద్దామంటే సిగ్నల్ కోసం గుట్టెక్కాలి. డోలీ కట్టిన భుజాలకు తెలుసు, తలుపు ముందు ఆగి ఉన్న బండి అంటే ఏమిటో. ఆ బండి ఆ రాత్రి స్టార్ట్ కాకపోతే కొన్నవాడి డబ్బు మాత్రమే పోదు. బండి ఉందిలే అని నమ్మి, ఆ రాత్రి ఇంకో దారి చూసుకోరు కదా.

హెక్టర్‌కి మొదట్లో "ఇంటర్నెట్ ఇన్‌సైడ్" అని బిళ్ల అంటించి అమ్మారు, గుర్తుందా. బండి లోపల ఇంటర్నెట్ సరే, బండి బయట మా ఊళ్లో టవరే లేదు.

బొలెరో ఆగిపోతే చింతపల్లిలో, పాడేరులో చెట్టు కింద కూడా బాగుచేసేవాళ్లున్నారు. సామాను కూడా అక్కడే దొరుకుతుంది. హెక్టర్‌లో ఒక సెన్సర్ పోయిందనుకోండి, కంప్యూటర్ పెట్టి చూడాలి. కంపెనీ సర్వీస్ కావాలంటే విశాఖ దిగాలి, పాడేరు నుంచే వంద కిలోమీటర్లకు పైన. వెనక అద్దమో, లైటో పగిలితే అది వచ్చేదాకా కూర్చోవాలి. సెకండ్ హ్యాండ్‌లో ధర తగ్గిందంటే ఈ బాధలన్నీ ముందే లెక్కేసి తగ్గించారన్నమాట, మన మీద ప్రేమతో కాదు.

ఇంకో భయం, కంపెనీయే ఉంటుందా అని. 2020 ఏప్రిల్‌లో పొరుగు దేశాల పెట్టుబడులకు ముందస్తు అనుమతి ఉండాలని కేంద్రం నిబంధన పెట్టింది. గ్రేట్ వాల్ అనే చైనా కంపెనీ మహారాష్ట్రలోని తలేగావ్ ప్లాంట్ కొనడానికి ఒప్పందం చేసుకుని, అనుమతి రాక 2022లో వదిలేసుకుంది. ఎంజీలో జిందాల్ వాళ్ల జేఎస్‌డబ్ల్యూ 35 శాతం తీసుకుంది కాబట్టి ఇప్పుడు కాస్త ధైర్యం. కానీ లిఫాన్ సంగతి చూడండి. చాంగ్‌చింగ్‌లో మోటార్‌సైకిళ్లతో మొదలైన కంపెనీ, ఎక్స్60 అనే ఎస్‌యూవీని రష్యాలో కూడా బిగించి అమ్మింది. 2020లో అప్పులతో కోర్టుకెక్కింది. చైనా వాళ్లే అని కాదు, షెవర్లే 2017లో మన దేశంలో అమ్మకాలు ఆపేసింది, ఫోర్డ్ 2021లో తయారీ ఆపుతున్నానంది. మిగిలిన బండ్లు కొన్నవాళ్ల దగ్గరే ఉన్నాయి.

అప్పు విషయం మాకు అన్నిటికన్నా బాధ. మన ఇళ్లలో డబ్బు కాఫీ, మిరియం అమ్మినప్పుడు వస్తుంది, ఏడాదికోసారి. కిస్తీ నెలనెలా కట్టాలి. మావాడికి జీతం ఉంది, వాడు కడతాడు. వాణ్ణి చూసి కొనే తమ్ముడికి? మన భూమి 1/70 కింద ఉంది, వేలం వేసి గిరిజనేతరుడికి అమ్మలేరు. అందుకే భూమి చూపిస్తే మొహం తిప్పుకునే ఫైనాన్స్ వాడు బండి మీద నవ్వుతూ ఇస్తాడు, రెండు కిస్తీలు తప్పితే సంతలోంచే గుంజుకుపోవచ్చు కదా.

అయినా కొంటాం అంటే, కాగితాలైనా చూసుకోండి. ఆర్‌సీలో ఫైనాన్స్ పేరుంటే ఫారం 35, వాళ్ల ఎన్‌ఓసీ చేతికి రాకుండా పూర్తి డబ్బు ఇవ్వద్దు. 29, 30 ఫారాల మీద సంతకాలు పెట్టించి పేరు మార్పించుకోండి, "తర్వాత చూద్దాంలే బ్రదర్" అంటే లేచి వచ్చేయండి. ఇన్సూరెన్స్ పద్నాలుగు రోజుల్లో మీ పేరు మీదకి మారాలి. షోరూం ముందు తార్రోడ్డు మీద కాదు, ఐదుగురిని ఎక్కించి ఒక ఘాట్ ఎక్కించి చూడండి.

మావాడు ఇంకా అడ్వాన్స్ ఇవ్వలేదు. ఆదివారం మళ్లీ విశాఖ వెళ్తున్నాడు, ఈసారి పాడేరు మెకానిక్ బాబాయిని కూడా తీసుకెళ్లమన్నాం. ఆ డబ్బుకే ఒక బొలెరో కూడా చూసి రమ్మన్నాం. "దానికి అద్దం కప్పు ఉండదు కదరా" అన్నాడు. ఉండదు మరి.