ముందు గింజ.. ఆ తర్వాతే మెషిన్

క్రెయిగీబర్న్‌లోని మన ఇళ్లలో ఖరీదైన కాఫీ మెషిన్లు పెరుగుతున్నాయి. వాటిలో వేసే పొడి మాత్రం నెలల కిందటిది. మొన్నటిదాకా మా ఇంట్లోనూ అదే తంతు.

మంచి కాఫీకి ముందు కావాల్సింది తాజా గింజ. ప్యాకెట్‌పై వేయించిన తేదీ చూసి, కొద్దికొద్దిగా కొని, అప్పటికప్పుడు పొడి చేసుకోవాలి. మరీ మెత్తగా పడితే డికాక్షన్ దిగదు, బరకైతే పలచబడుతుంది. ఊరి నుంచి తెచ్చుకున్న స్టీలు ఫిల్టరు, మరిగించి దించిన నీళ్లు చాలు.

ఆ గింజ మనదైతే మరీ మంచిది. అల్లూరి సీతారామరాజు జిల్లా కొండల్లో గిరిజన రైతులు చెట్ల నీడన పండించే అరకు అరబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు దక్కింది. మెల్‌బోర్న్ కేఫ్‌ల రుచి తెలిసిన మన పిల్లలకు ఆ పేరూ తెలియాలి. ఇక్కడి దుకాణాల్లో అరకు గింజలు అడుగుదాం. అడిగేవారుంటేనే తెప్పించేవారుంటారు.