మీ రేషన్ బియ్యానికి, డబ్ల్యూటీవోకు లింకేంటి?

జాతీయ ఆహార భద్రత చట్టం కింద దేశంలో సుమారు 80 కోట్ల మందికి రేషన్ బియ్యం, గోధుమలు ఉచితంగా అందుతున్నాయి. వాటిలో మీ కార్డు కూడా ఉండొచ్చు. ఆ బియ్యం కోసం ప్రభుత్వం ధాన్యం కొనే తీరుపై జెనీవాలోని ప్రపంచ వాణిజ్య సంస్థ డబ్ల్యూటీవోలో పదేళ్లకు పైగా పేచీ నడుస్తోంది. మరి మీ కోటా ఆగిపోతుందా? ఇప్పటికైతే ఆ భయం లేదు. కానీ దాన్ని కాపాడుతున్నది ఒక తాత్కాలిక ఏర్పాటు మాత్రమే.

ఉచితంగా ఇవ్వడం తప్పా?

కాదు. పేదలకు ఉచితంగానో, తక్కువ ధరకో ఆహారం ఇవ్వడానికి డబ్ల్యూటీవో అడ్డు చెప్పదు. నిల్వల కోసం మార్కెట్ రేటుకు కొన్నా ఇబ్బంది లేదు. ప్రభుత్వమే ధర ప్రకటించి, ఆ రేటుకు రైతు దగ్గర కొంటే మాత్రం అది సబ్సిడీ లెక్కలోకి వస్తుంది. అంటే గొడవ రేషన్ షాపు దగ్గర కాదు, ధాన్యం కొనుగోలు కేంద్రం దగ్గర.

లెక్క ఎలా వేస్తారు?

అసలు మెలిక ఇక్కడే ఉంది. ఇప్పటి మద్దతు ధరను 1986-88 నాటి అంతర్జాతీయ ధరతో పోలుస్తారు. మన బియ్యానికి అది టన్నుకు సుమారు 262 డాలర్లు. ఈ తేడాను కొన్న బియ్యం పరిమాణంతో గుణిస్తారు. వచ్చిన మొత్తం ఆ పంట విలువలో 10 శాతం దాటకూడదు.

2018-19లో ధాన్యం మద్దతు ధర క్వింటాలుకు రూ.1,750. ఆ ఏడాది మన వరి పంట విలువ సుమారు 4,367 కోట్ల డాలర్లు, లెక్కకు వచ్చిన సబ్సిడీ సుమారు 500 కోట్ల డాలర్లు. అంటే 11 శాతం దాటింది. ముప్పై ఏళ్లలో పెరిగిన ధరలను లెక్కలోకి తీసుకుంటే పరిస్థితి ఇలా ఉండదన్నది భారత్ వాదన.

మరి కేసు ఎందుకు పడలేదు?

2013 డిసెంబరులో బాలిలో కుదిరిన 'పీస్ క్లాజ్' వల్ల. పరిమితి దాటినా ఫిర్యాదు చేయబోమని సభ్య దేశాలు ఒప్పుకున్నాయి. శాశ్వత పరిష్కారం దొరికేదాకా ఇది కొనసాగుతుందని 2014 నవంబరులో తేల్చారు. 2018-19 బియ్యం లెక్కకు దీన్ని వాడుకున్న తొలి దేశం మనదే. అయితే షరతులున్నాయి:

• 2013 డిసెంబరు 7 నాటికి ఉన్న పథకాలకే వర్తిస్తుంది. మన ఆహార భద్రత చట్టం అదే ఏడాది సెప్టెంబరులో వచ్చింది.
• ప్రధాన ఆహార పంటలకే పరిమితం.
• లెక్కలు సమర్పించాలి. ఆ నిల్వలు ఇతర దేశాల వ్యాపారాన్ని దెబ్బతీయకూడదు.

ఎదుటివాళ్లు ఏమంటున్నారు?

ప్రపంచ బియ్యం ఎగుమతుల్లో దాదాపు 40 శాతం మనవే. మద్దతు ధర వల్ల ఉత్పత్తి పెరిగి, ఎగుమతి మార్కెట్లో తమ రైతులు నష్టపోతున్నారని థాయ్‌లాండ్, అమెరికా లాంటి దేశాల అభ్యంతరం. ప్రభుత్వ నిల్వల నుంచి వ్యాపార ఎగుమతులు చేయడం లేదని భారత్ చెబుతోంది.

ఇప్పుడు ఎక్కడ ఆగింది?

శాశ్వత పరిష్కారం 2017లోనే రావాల్సింది. 2024 అబుధాబి సమావేశంలోనూ తేలలేదు. అక్కడ ఆచరణలో ఓటింగ్ ఉండదు, అందరూ ఒప్పుకోవాలి. ఒక్క దేశం కాదన్నా ఆగిపోతుంది.

మీకు దీనివల్ల ఏంటి?

నెలవారీ కోటాకు ఇప్పుడు ముప్పు లేదు. కానీ రేపు మద్దతు ధరతో కొత్త పథకం పెట్టి, 10 శాతం దాటితే ఈ రక్షణ ఉండదు. అందుకే ఈసారి డబ్ల్యూటీవో వార్త కనిపిస్తే రెండు విషయాలు చూడండి: 1986-88 ధర మారిందా? కొత్త పథకాలకూ రక్షణ దొరికిందా?