రాతిపన్నును గూర్చి

గడచిన కొన్ని సంవత్సరములనుండి మన విద్యార్థులలో రాళ్లు ఏఱు నలవాటు ప్రబలుచున్నది. వేసవి సెలవులు ముగియగానే పల్నాటినుండి పలకరాళ్లును, బాపట్ల తీరమునుండి గవ్వలును, రేగడిపొలములనుండి ఎముకముక్కలును తెచ్చి సైన్సుగది బల్లపై గుప్పించుచున్నారు. అందఱికంటె గర్వముతో వచ్చువాడు పన్ను దొరకినవాడు. అది పూర్వయుగపు తిమింగిలముపన్ను అని మేము చెప్పవలెనని వాని కోరిక.

తోడి యుపాధ్యాయులలో కొందఱు ఇది కాలహరణమనియు, పరీక్షలలో దీనికి మార్కులు లేవనియు అనుచున్నారు. వారితో మేమేకీభవింపము. పత్తిచేనిలోను మిరపతోటలోను తలిదండ్రులకు సాయము చేయు బాలుడు నాగటిచాలున వెలువడిన వస్తువును చేతబట్టి పరికించుట, పాఠ్యపుస్తకములోని పటమును బట్టీపట్టుటకంటె మేలైన శాస్త్రాభ్యాసమని మా యభిప్రాయము. కాని యీ సేకరణము నేడు జరుగుచున్న తీరు మాకు సమ్మతము గాదు. ప్రతివాడును దీని పేరేమియని యడుగును. ఇది యే పొలమున, ఎంత లోతున దొరకినదని మేమడిగినచో తెల్లబోవును. పేరు నేడు తెలియకున్న పది యేండ్లకైనను తెలియవచ్చును. దొరకిన చోటు మఱచినచో ఆ నష్టము తీరునది గాదు.

పన్నుల సంగతియే చూతము. మన చేలలో బావి త్రవ్వునప్పుడును, చెఱువు పూడిక తీయునప్పుడును దొరకు పన్నులలో పెక్కు ఎద్దులవి, గేదెలవి. వానిని గుర్తించుట కష్టము గాదు. పన్ను నిలువుగా ఎత్తుగానుండును. నమలు తలమున నెలవంకలవంటి పింగాణిమడతలు కనబడును. నల్లబడి బరువుగా నున్నదిగదా, పురాతనమే యని వాదించు విద్యార్థులు గలరు. రంగు వయస్సునకు సాక్ష్యము గాదు. మట్టిలోని ఇనుము, మాంగనీసు కొలది కాలములోనే ఎముకకు రంగు పట్టింపగలవు. సొరపన్ను మఱియొక తీరు. అది బల్లపరుపుగా, త్రికోణముగా నుండును. అంచు కొన్నిజాతులలో ఱంపమువలె నుండును. దాని మొదలు దవడగుంటలో దిగిన వేరు గాదు, చిగురునంటియుండు వెడల్పైన పీఠము.

ఇక తిమింగిలములు. నేటి కాలమున పండ్లుగల తిమింగిలముల పన్నులు చాలవఱకు ఒక్క వేరుగల మేకులవలె నుండును. మిక్కిలి ప్రాచీనములైన వాని పన్నులట్లుండవు. ముందరివి మొనదేలియుండగా, వెనుకటివి రెండేసి వేళ్లతోను, పలు మొనలతోను నేలమృగముల పన్నులను పోలియుండును. కావున రూపమొక్కటే చూచి తీర్పు చెప్పువాడు మోసపోవుట సహజము. దొరకిన పొర యెన్ని యేండ్లదని తెలిసినగాని ఆ తీర్పు నిలువదు.

ఈ కొలతతో మన సీమను పరిశీలింతము. పల్నాటి సున్నపురాతి పలకలు దంతములుగల జంతువులు పుట్టకమునుపే యేర్పడినవి. పలకరాళ్ల పొరలనడుమ నాచువలె, ఫెర్ను ఆకువలె కనబడు నల్లని చిత్రములను జూచి శిలాజములని మురియువారు గలరు. అవి నీటితో దిగిన మాంగనీసు గీసిన గీతలే. ఒంగోలునకు ఉత్తరముననున్న వేమవరపు పొరలు పదికోట్ల యేండ్లకు మించినవి. తిమింగిలములు లోకమున నవతరించి సుమారు 5 కోట్ల యేండ్లు మాత్రమే యైనది. ఇక మన తీరమందలి ఒండ్రుమట్టి మిక్కిలి యిటీవలిది. కాబట్టి ప్రాచీన తిమింగిలపు పన్ను మన రేగడిలో దొరకునని యాశించుట వ్యర్థము. దానికై కచ్ఛదేశమునకు బోవలెను. అచ్చటి పొరలనుండియే సాహ్ని, మిశ్రా యను శాస్త్రజ్ఞులు 1975లో ఇండోసీటస్ అను ప్రాచీన తిమింగిలమును వర్ణించిరి.

ఇది విని మన బాలురు నిరుత్సాహపడనక్కఱలేదు. వేమవరము సామాన్యమైన యూరు గాదు. భూగర్భపరిశోధనశాఖకు చెందిన రాబర్ట్ బ్రూస్ ఫుట్ ఈ తీరమును సర్వే చేయగా, వేమవరపు రాతిలోని ఆకులను ఫైస్ట్‌మాంటెల్ పండితుడు 1879లో ప్రకటించెను. పొరలు పొరలుగా విడివడు ఆ మెత్తని రాతిలో సైకస్ ఆకును పోలిన టైలోఫిల్లము మొదలగు ఆకులును, సముద్రజీవులైన అమ్మోనైటుల గుల్లలును ఉన్నవి. ఆకులు నేలనుండి కొట్టుకొనివచ్చినవి, గుల్లలు కడలివి. అనగా నాటి సముద్రపుటొడ్డు అచ్చటనే యుండెను! ఈ యూరిపేరు భూగర్భశాస్త్ర గ్రంథములలో నిలిచియుండగా, ఆ ప్రాంతపు బడులలో దానినెఱిగిన పిల్లలు అరుదు.

చోటు వ్రాసియుంచుటవలన కలుగు లాభమునకు నొక నిదర్శనము చెప్పెదము. రంగారావు అను భూగర్భశాస్త్రజ్ఞుడు కాశ్మీరప్రాంతమున కాలకోటు వద్ద రాళ్లు సేకరించి, అందలి పండ్లను దవడలనుబట్టి 1971లో ఇండోహ్యుస్ అను చిన్న మృగమును లోకమునకు తెలియజేసెను. మిగిలిన రాళ్లు విప్పబడక ఆయనయొద్దనే యుండెను. ఆయన మరణానంతరము భార్య వానిని భద్రముగా కాపాడి, థీవిసెన్ అను అమెరికా శాస్త్రజ్ఞునికొసగెను. రాతిని తొలచుచుండగా పనివాని చేతిలో పొరపాటున కపాలములోని చెవియెముక విఱిగెను. విఱిగినచోట దాని లోపలిగోడ తిమింగిలములకుండునంత దళసరిగా కనబడెను. పంటి పింగాణిలోని ఆక్సిజను ఐసోటోపులను పరీక్షింపగా ఆ జంతువు నీటిలో మెలగినదని తేలెను. 2007లో ప్రకటింపబడిన యీ పరిశోధన, కుఱుచ జింకవంటి ఆ మృగము తిమింగిలములకు అతిసమీపబంధువని స్థాపించెను. దాని కాలము సుమారు 4 కోట్ల 80 లక్షల యేండ్లక్రిందటిది. ఆ రాళ్లు ఎచ్చటివో తెలియకపోయినచో ఈ సంగతి ఎవ్వరు చెప్పగలిగియుందురు? 36 సంవత్సరములు అవి ఓపికతో వేచియుండుటకు కారణము వాని చిరునామా చెడకుండుటయే.

మిషను బడులకు ఈ పని క్రొత్తదియు గాదు. నాగపురమున పాఠశాల స్థాపించిన స్టీఫెన్ హిస్లాప్ దొరగారు బోధనచేయుచునే ఆ చుట్టుపట్టుల శిలాజములను సేకరించిరి. మాంగలిలో దొరకిన కపాలమును లండనులోని ఓవెన్ పండితుడు 1855లో వర్ణించెను. ఆ యూరిపేరుతోనే అది నేటికిని చెప్పబడుచున్నది. హిస్లాప్‌గారు 1863లో టాకల్‌ఘాట్ వద్ద పూర్వుల రాతివలయములను చూచి మరలుచు, రాత్రివేళ పొంగిన వాగులో మునిగి మృతినొందిరి.

దీనికి విరుద్ధమైన దృశ్యమును గూడ మేము చూచితిమి. ఒక పాఠశాలలో (పేరు చెప్పము) అద్దాల బీరువానిండ రాళ్లుండెడివి. చీటీలను చెదలు తిన్నవి. ఏ రాయి ఎచ్చటిదో చెప్పగల అయ్యవారు ఉద్యోగవిరమణ చేసిరి. పిమ్మట ఆ రాళ్లు వాకిటి గుంట పూడ్చుటకు ఉపయోగపడినవి. ఆ గుంట పూడ్చినవారిని మేము నిందింపము. చీటీలేని రాయికిని గుంటలోని రాయికిని భేదము వారికెట్లు తెలియును?

కాబట్టి మా సూచన యిది. ప్రతి హైస్కూలునందును ఒక మందపాటి లెక్కల పుస్తకముండవలెను. ఊరు, పొలము పేరు, బావియో కాలువయో, ఎన్ని యడుగుల లోతు, ఏ రంగు మట్టి, తేది, ఏఱినవాని పేరు - ఇవి వ్రాసినపిమ్మటనే వస్తువు బల్లమీదికి రావలెను. అదే సంఖ్యను రాతిమీద సిరాతో వేయవలెను, చీటీమాత్రము చాలదు. పేరునకై కేటాయించిన గడిని ఖాళీగా వదలుటకు సిగ్గుపడనక్కఱలేదు. బావిగట్టున పొర కనబడుచున్నచో దానిని త్రవ్వి చెఱుపక ముందుగా ఫొటో తీయవలెను, ప్రక్కన కొలబద్దనుంచి. పొలము పరులదైనచో ఆ రైతు అనుమతి లేనిదే గట్టుమీద కాలిడరాదు.

సూర్యలంకకు పోవువారికి మఱియొక మాట. ఒడ్డునకు కొట్టుకొనివచ్చిన నేటి తిమింగిలపు పన్నుగాని ఎముకగాని శిలాజము గాదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణచట్టము తిమింగిలములకు వర్తించును గనుక, దానిని సంచిలో వేసికొనక అటవీశాఖవారికి తెలుపవలెను.

మాకును అంతుపట్టని వస్తువు వచ్చినప్పుడు, రెండువైపుల ఫొటోలను పుస్తకములోని ఆ పంక్తి నకలుతోగూడ హైదరాబాదునందలి భూగర్భసర్వేశాఖ దక్షిణప్రాంత కార్యాలయమునకుగాని, ఆంధ్ర విశ్వకళాపరిషత్తు భూగర్భశాస్త్ర విభాగమునకుగాని పంపుదము. వస్తువు మాత్రము జవాబు వచ్చువఱకు బీరువాలోనే యుండవలెను.