బోనులో పడింది ఎవరి ఎలుక?

మా వీధిలో రాత్రి పది దాటాక ఎవరైనా సంచీ పట్టుకుని నెమ్మదిగా నడిచి వెళ్తుంటే ఎక్కడికని అడగకూడదు. సంచీలో బోను ఉంటుంది, బోనులో ఎలుక ఉంటుంది. చంపడానికి చేతులు రావు, ఇంట్లో ఉంచుకోలేరు. రెండు వీధులు దాటించి మురుగుకాలువ పక్కన వదిలేస్తారు. అక్కడివాళ్ళు తమ ఎలుకను తెచ్చి మా వీధి చివర ఖాళీ స్థలంలో వదులుతారు. వినాయకుడి వాహనాన్ని చంపితే పాపం పిన్నిగారూ అంటుంది ఎదురింటి అమ్మాయి. వాహనాన్ని పక్క వీధిలో పార్కు చేసి రావడం పుణ్యమా అని అడిగితే నవ్వుతుంది గానీ, మర్నాడు రాత్రి మళ్ళీ సంచీతో బయల్దేరుతుంది.

నేను వ్యవసాయ శాఖలో విస్తరణాధికారిగా గోదావరి డెల్టాలో పనిచేసి రిటైరయ్యాను. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఏటా ఎలుకల పని తప్పలేదు. అందుకే పట్టణంలో కాపురం పెట్టాక ఈ వ్యవహారం నాకు వింతగా తోచింది. పల్లెలో ఎలుకల మీదికి ఊరంతా కలిసి వెళ్తుంది. ఇక్కడ ఎవరి గుమ్మం వాళ్ళే కాసుకుంటారు, ఎవరి మందు వాళ్ళే కొనుక్కుంటారు. పల్లెకు తెలిసిన విద్య పట్టణానికి రాలేదని, దాన్ని తెచ్చే పూచీ మునిసిపాలిటీలదని నా వాదన.

డెల్టా రైతుకు ఎలుక సంగతి ఒకరు చెప్పక్కర్లేదు. పైరు పొట్ట మీదున్నప్పుడు పిలకల్ని మొదట్లో ఏటవాలుగా కొరికి పడేస్తుంది. అది తినేది గోరంత, పాడుచేసేది దుబ్బంతా. గింజ పాలుపోసుకున్నాక వెన్నుల్ని బొరియలోకి లాక్కుపోయి దాస్తుంది. ఒక్క రైతు తన ఎకరంలో మందు పెడితే ఏమవుతుంది? ఆ గట్టు ఖాళీ అవుతుంది. కొద్ది రోజుల్లోనే పక్క చేలోని ఎలుకలు తవ్వి సిద్ధంగా ఉన్న ఆ బొరియల్లోకి దిగుతాయి. వాటికి ఇల్లు కట్టుకునే శ్రమ కూడా తప్పుతుంది. మరుటేరు వరి పరిశోధనా కేంద్రంలో ఎలుకల మీదే పనిచేసే శాస్త్రవేత్తలున్నారు. వాళ్ళ సలహాలో మొదటిది ఎప్పుడూ ఒకటే: ఊరంతా, ఒకేసారి.

దాని పేరు సామూహిక ఎలుకల నిర్మూలన. పేరు సర్కారు పేరే గానీ పని మాత్రం ఊళ్ళో తిరునాళ్ళలా సాగేది. మొదటి రోజు సాయంత్రం గట్ల మీద, కాలువ పొడవునా, గడ్డిమేట్ల చుట్టూ కనపడిన బొరియలన్నిటినీ మట్టితో మూసేస్తాం. తెల్లారి వెళ్తే కొన్ని తెరుచుకుని ఉంటాయి. ఎలుకలున్నవి అవే. మిగతావాటిలో మందు పోయడం డబ్బు మట్టిలో కలపడమే. ఈలోగా పంచాయతీ అరుగు మీద ఎర తయారవుతుంది. నూకలు 96 పాళ్ళు, నూనె 2 పాళ్ళు, బ్రోమడయోలోన్ పొడి 2 పాళ్ళు. ముందు నూకలకు నూనె పట్టించి, తర్వాత పొడి చల్లి కర్రతో కలపాలి, చెయ్యి పెట్టకూడదు. పది పదిహేను గ్రాముల చొప్పున పాత పేపరు ముక్కల్లో పొట్లాలు కట్టి, తెరుచుకున్న ప్రతి బొరియలోనూ లోపలికంటా ఒకటి పెట్టాలి. పొట్లాలు కట్టడంలో ఆడవాళ్ళతో మగవాళ్ళు ఎప్పుడూ పోటీ పడలేకపోయారు. ఆ మాట కూడా రికార్డుల్లోకి ఎక్కాల్సింది.

అసలు చిక్కు మందుతో వచ్చేది కాదు. ఎవరి చేను వాళ్ళు చేసుకుంటారు, మరి కాలువ గట్టు ఎవరిది? ఇరిగేషన్ వాళ్ళది. రోడ్డు వార? ఆర్ అండ్ బీది. శ్మశానం, చెరువు పోరంబోకు? పంచాయతీవి. ఎలుకల ఊళ్ళు ఉండేదే అక్కడ. దుక్కి పడదు, నీళ్ళు నిలవవు, అడిగేవాడుండడు. పొలాల్లో పైరు లేని వేసవిలో అవి తలదాచుకునేదీ ఆ గట్ల మీదే. కాబట్టి మందులో సగం ముందు అక్కడ పెట్టాకే చేలలోకి దిగేవాళ్ళం. ఎవరిదీ కాని జాగాను వదిలేసిన ఏడాది ఊళ్ళో ఎంత చేసినా వృథా అయ్యేది.

కోతల ముందు బుట్టలు పెట్టేవాళ్ళు వచ్చేవారు. వెదురు బుట్ట, వంచిన బద్ద, ఒక దారం, లోపల కాస్త ఎర. సాయంత్రం పెట్టి తెల్లారగట్ల ఎత్తుతారు, ఎలుకకింత అని లెక్క కట్టి రైతు దగ్గర తీసుకుంటారు. శాఖవాళ్ళు ఇచ్చిన పుస్తకాల్లో లేనిది వాళ్ళ దగ్గర నేర్చుకున్నాను. ఎలుక రోజూ ఒకే దారిన నడుస్తుంది. ఆ దారి కనిపెట్టలేనివాడు ఎన్ని బుట్టలు పెట్టినా ఖాళీవే ఎత్తుకుంటాడు.

ఇంట్లోనూ అంతే. ఎలుక గది మధ్య నుంచి నడవదు, గోడను మీసాలతో తడుముకుంటూ వారగా పోతుంది. బోనును వంటింటి నడిమధ్య పెట్టి, పడలేదు పడలేదు అంటే ఏం లాభం? గోడకు ఆనించి పెట్టాలి. కొత్త వస్తువంటే దానికి భయం. బోను తలుపు బిగించకుండా, లోపల కాల్చిన కొబ్బరిముక్క వేసి కొన్ని రాత్రులు ఊరికే ఉంచాలి. వచ్చి తిని పోవడం అలవాటయ్యాక బిగించాలి. ఎండుచేప కూడా మంచి ఎరే. కాకపోతే ఎలుక కన్నా ముందు పక్కింటి పిల్లి వస్తుంది.

మన ఇళ్ళ చుట్టూ తిరిగేవి అన్నీ ఒకే ఎలుకలు కావని చాలామంది పట్టించుకోరు. పెరట్లో తాజా మట్టి కుప్ప, పక్కన పెద్ద కంత కనిపిస్తే అది పందికొక్కు. అది తవ్వుతుంది, ఎక్కడం దానికి పెద్దగా చేతకాదు. అటక మీద, కేబుల్ వైరు మీద, కొబ్బరిచెట్టు మొవ్వులో కనిపించేది ఇంటి ఎలుక. దానికి ఎక్కడమే విద్య. పందికొక్కు కోసం అటక మీద మందు పెట్టినా, ఇంటి ఎలుక కోసం పెరడంతా తవ్వించినా డబ్బు దండగే. కొబ్బరిచెట్టుకు ఆరేడు అడుగుల ఎత్తులో చుట్టూ మూరెడు వెడల్పు రేకు కడితే ఎలుక జారిపోతుంది, పైకి వెళ్ళలేదు. అయితే పక్కచెట్టు కమ్మలు తగలకూడదు, తగిలితే అదే వంతెన. ఇంటి కంతలకు గిన్నెలు తోమే స్టీలు పీచు కుక్కి, పైన సిమెంటు రాయాలి. చిట్టెలుకకు పెన్సిలు దూరేంత సందు చాలు. వంటింటి సింకు గొట్టం గోడలోంచి బయటికెళ్ళే చోటు ఒకసారి చూడండి. మేస్త్రీలు దాని చుట్టూ నింపకుండానే వెళ్ళిపోతారు, ఇన్నేళ్ళలో నింపిన మేస్త్రీని నేను చూడలేదు.

ఇక మందులు. కిరాణా కొట్లో అడిగితే చాలు, "ఇది తిన్న ఎలుక బయటికి పోయి చస్తుందండీ" అని చేతిలో పెడతారు. బయటికి పోయి చావాలన్న నియమం ఏ ఎలుకకూ లేదు. బీరువా వెనకో, అటక మీది పాత పరుపులోనో చస్తుంది. ఆ వారమంతా ఇంట్లో అన్నం సయించదు. నల్లపొడిగా అమ్మే జింక్ ఫాస్ఫైడ్ వెంటనే పనిచేస్తుంది, కానీ కొంచెం తిని బతికిన ఎలుక మళ్ళీ దాని జోలికి రాదు. అందుకే పొలంలో ముందు మందు కలపని నూకలు అలవాటు చేస్తాం. ఇళ్ళలో అంత ఓపిక ఎవరికుంది? పైగా అది పిల్లలు తిరిగే చోట ఉంచదగ్గది కాదు. ట్యూబులో వచ్చే పసుపు భాస్వరం పేస్టు మరీ ప్రమాదం. పళ్ళపేస్టనుకుని పిల్లలు నోట్లో పెట్టుకుంటారు. తమిళనాడు దాని అమ్మకాన్ని నిషేధించింది. మన కొట్లలోనూ అది కనిపించకుండా చేయడం కష్టమైన పని కాదు. పిల్లలు ఏ ఎలుకమందు ముట్టినా, బాగానే ఉన్నారు కదా అని చూస్తూ కూర్చోకుండా ఆ ప్యాకెట్టుతో సహా ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. ఏ మందో తెలిస్తే డాక్టరుకు పని సులువు. బ్రోమడయోలోన్ అయితే విటమిన్ కె1 విరుగుడు ఉంది.

ఉన్నవాటిలో ఆ బ్రోమడయోలోన్ బిళ్ళలే నయం. తిన్న ఎలుక కొన్ని రోజులకు గానీ చావదు కాబట్టి మిగతావాటికి అనుమానం రాదు. అయినా విడిగా పెట్టకూడదు. మూరెడు పీవీసీ గొట్టం ముక్క మధ్యలో బిళ్ళ ఉంచి గోడ వారన పడేస్తే ఎలుక దూరుతుంది, కుక్కకూ కోడికీ అందదు. చచ్చిన ఎలుకల్ని ఏరి పాతిపెట్టాలి. వాటిని తిన్న గుడ్లగూబలకూ పిల్లులకూ ఆ విషమే ఎక్కుతుంది. మనకు జీతం లేకుండా ఎలుకలు పట్టిపెట్టేవి అవే. జిగురు అట్టలు మాత్రం నేను గడప దాటనివ్వను. ఎలుక రాత్రంతా అరుస్తూ గిలగిల్లాడుతుంది. బల్లులూ ఉడుతలూ పిచ్చుకలూ కూడా అంటుకుంటాయి. జంతు సంక్షేమ మండలి వాటిని వాడొద్దని రాష్ట్రాలకు రాసింది, కొన్ని రాష్ట్రాలు ఆపేశాయి కూడా. అయినా సూపర్ మార్కెట్లో అగరుబత్తీల పక్కన పేర్చి ఉంటాయి.

ఇవన్నీ చక్కగా చేసిన ఇల్లు మా వీధిలో ఒకటుంది. రిటైరైన హెడ్మాస్టరుగారిది. కంత లేదు, చెత్త లేదు, బియ్యం డ్రమ్ముకు మూత ఉంది. అయినా ఆయన స్కూటరు వైర్లు ఎలుకలు కొరుకుతూనే ఉంటాయి. ఎందుకంటే ఆయన గోడ అవతల ఖాళీ స్థలం. ఇల్లు పడగొట్టిన ఇటుకలు, తుమ్మపొదలు, కోడిమాంసం కొట్టువాళ్ళు చీకట్లో పారేసే ఈకలూ పేగులూ, టిఫిన్ బండివాళ్ళ మిగులు పిండి. స్థలం యజమాని అమెరికాలో ఉంటాడు. పొలంలో కాలువ గట్టు ఎలాంటిదో పట్టణంలో ఈ స్థలం అలాంటిది. దీని ముందు మీ బోను, నా బోను ఏం చేస్తాయి? ఎలుక మూడు వారాలు మోసి, ఈతకు అరడజను పైగా పెడుతుంది. పిల్లలు కొన్ని నెలల్లోనే మళ్ళీ తల్లులవుతాయి. తిండీ చోటూ ఉన్నంతకాలం మనం పట్టినవాటి చోట్లోకి కొత్తవి వస్తూనే ఉంటాయి. వాటి వెనక పాములూ వస్తాయి. నాగుపాము ఇంట్లోకి వచ్చిందని కంగారుపడేవాళ్ళు అది ఎవరి కోసం వచ్చిందో చూడరు.

మా మునిసిపాలిటీలో దోమలకు పొగబండి ఉంది, కుక్కలకు ఆపరేషన్లున్నాయి. ఎలుకల సంగతి అడిగితే "అది మీ ఇంట్లో సమస్య కదా మేడం" అన్నారు. ఎలుక మూత్రం కలిసిన మురుగు నీటిలో పుండు పడ్డ కాలితో దిగిన పారిశుద్ధ్య కార్మికుడికి ఎలుక జ్వరం, అదే లెప్టోస్పైరోసిస్, రావచ్చు. అది ఎవరింటి సమస్య? స్క్రబ్ టైఫస్ మోసే సన్నపురుగులు కూడా పొదల్లో తిరిగే ఎలుకల మీద బతికేవే. 2015లో గుంటూరు ప్రభుత్వాసుపత్రిలో ఎలుకలు కొరికిన పసికందు చనిపోయినప్పుడు రాష్ట్రమంతా ఉలిక్కిపడింది. ఆసుపత్రిలో ఎలుకల వేట మొదలైంది. వేట అన్నది జరిగిన తర్వాత చేసే పని. జరగకముందు చేయాల్సింది డ్రైన్లూ చెత్తా చూసుకోవడం. దానికి ఫొటోలు పడవు.

జనం కలిసిరారు అంటారు అధికారులు. పల్స్ పోలియోకి ఒకే ఆదివారం దేశమంతా పిల్లల్ని ఎత్తుకుని వచ్చిన జనం వీళ్ళే కదా. నేనడిగేది అంతకన్నా చాలా తక్కువ. ఏటా వేసవి చివర, వానలు పడకముందు, డ్రైన్లు ఎండి బొరియలు బాగా కనపడే రోజుల్లో వార్డు వార్డుకూ రెండు రోజులు కేటాయించండి. ముందు వారం చెత్త ఎత్తండి, మాంసం కొట్లకు వ్యర్థాలు పారేసే చోటు చూపించి, వినకపోతే జరిమానా వేయండి. మొదటి రోజు వార్డంతా కంతలు మూయడం. రెండో రోజు తెరుచుకున్నవాటిలో శిక్షణ ఉన్నవాళ్ళతో మందు, ఇళ్ళ లోపల బోనులు. డెల్టాలో బుట్టలు పెట్టేవాళ్ళను ఆ రోజులకు కూలికి పిలవండి, వాళ్ళకు వేసవిలో పని ఉండదు. రెండు వారాల తర్వాత మరోసారి చూడండి.

డబ్బెక్కడిదంటారేమో. ఖాళీ స్థలాల మీద పన్ను వసూలు చేస్తూనే ఉన్నారుగా. అందులో కొంత ఆ స్థలాలు బాగుచేయించడానికే ఖర్చుపెట్టి, ఆ ఖర్చు యజమాని పన్నులో కలిపి పంపండి. హెడ్మాస్టరుగారూ నేనూ మా వార్డులో కాగితాలు పట్టుకుని ఇల్లిల్లూ తిరగడానికి ఒప్పుకున్నాం. పొట్లాలు కట్టడానికి ఎదురింటి అమ్మాయి కూడా వస్తానంది, మందు పెట్టే చోటికి మాత్రం రానని షరతు. నూకలు, నూనె మేం తెచ్చుకుంటాం. అమెరికాకు ఫోన్ చేయాల్సింది కమిషనరుగారే.