ద్వేషపు మాటకు రక్షణ ఉండాలా? ఉధ్నా నుంచి చూస్తే

సూరత్‌లోని ఉధ్నా వలస వచ్చినవారి చేతుల మీద నడిచే పేట. అక్కడి మరమగ్గాల షెడ్లలో, అద్దకపు మిల్లులలో గంజాం నుంచి వచ్చిన ఒడియావారు, ఖాందేశ్ మరాఠీలు, ఉత్తరప్రదేశ్, బీహార్ కార్మికులు పనిచేస్తారు. ఉధ్నా, లింబాయత్ పరిసరాలలో తెలంగాణ నుంచి తరలివెళ్ళిన పద్మశాలి కుటుంబాలు కొన్ని తరాలుగా స్థిరపడి ఉన్నాయి. సిరిసిల్లలో సాంచాలు అని పిలిచేవే అక్కడ లూములు. దీపావళికీ ఛఠ్ పండుగకూ ఉధ్నా స్టేషన్‌లో ఇసుక వేస్తే రాలదు. ద్వేష ప్రసంగానికి వాక్ స్వాతంత్ర్యం వర్తిస్తుందా అన్న చర్చ సాధారణంగా ఢిల్లీ స్టూడియోలలోనూ న్యాయశాస్త్ర సదస్సులలోనూ సాగుతుంది. ఆ చర్చను ఇలాంటి పేటలో నిలబడి వింటే వేరుగా వినిపిస్తుంది. ‘బయటివాళ్ళు పోవాలి’ అన్న మాట స్టూడియోలో ఒక అభిప్రాయం మాత్రమే. ఉధ్నాలో ఆ మాట వినపడిన రోజున మూటాముల్లె సర్దుకోవాలా వద్దా అన్నది తేల్చుకోవలసి వస్తుంది.

ఇది ఊహ కాదు. 2018 సెప్టెంబరు 28న గుజరాత్‌లోని సాబర్‌కాంఠా జిల్లా హిమ్మత్‌నగర్ సమీపంలో పద్నాలుగు నెలల పసిపాపపై అత్యాచారం జరిగింది. పోలీసులు బీహార్‌కు చెందిన ఒక కార్మికుణ్ణి అరెస్టు చేశారు. నేరం ఒకడిది; నింద మాత్రం హిందీ మాట్లాడే ప్రతి కార్మికుడి మీదా పడింది. సామాజిక మాధ్యమాలలో ద్వేష సందేశాలు వ్యాపించాయి. మెహసాణా, గాంధీనగర్, అహ్మదాబాద్ తదితర ఉత్తర గుజరాత్ జిల్లాలలో దాడులు జరిగాయి. వేలమంది పని వదులుకొని రైళ్ళూ బస్సులూ ఎక్కారు. పోలీసులు నాలుగు వందల మందికి పైగా అరెస్టు చేశారు, కొందరిపై సందేశాలు వ్యాప్తి చేసినందుకే కేసులు పెట్టారు. సూరత్ ఆ దాడులకు కేంద్రం కాదు. కానీ వలస కార్మికులే ఊపిరిగా బతికే నగరానికి ఆ వార్త ఏమి చెప్పి ఉంటుందో ఊహించడం కష్టం కాదు. ఆ సందేశాలలో అధిక భాగం ఎవరినీ ‘కొట్టండి’ అని నేరుగా ఆదేశించనక్కరలేదు. ఒక సమూహమంతా నేరస్థులే అని నమ్మించగలిగితే మిగిలిన పని గుంపు చేసుకుంటుంది.

వలస కార్మికులకూ ద్వేష ప్రసంగ చట్టానికీ ఉన్న సంబంధాన్ని సుప్రీంకోర్టు ముందు మొదట బలంగా నిలబెట్టిన సంస్థ పేరులోనే ఆ మాట ఉంది. అది ప్రవాసీ భలాయి సంఘటన్. అంతర్రాష్ట్ర వలసదారుల సంక్షేమం కోసం పనిచేసే ఆ సంస్థ, నాయకుల విద్వేష ప్రసంగాలను అరికట్టాలని పిటిషన్ వేసింది. 2014 మార్చి 12న జస్టిస్ బి.ఎస్. చౌహాన్ నేతృత్వంలోని ధర్మాసనం తీర్పు చెప్పింది. ద్వేష ప్రసంగం ఒక వ్యక్తిని కాక, అతడు చెందిన సమూహాన్ని సమాజం దృష్టిలో తక్కువ చేస్తుందనీ, తరువాత జరగబోయే వివక్షకూ వెలివేతకూ హింసకూ నేల సిద్ధం చేస్తుందనీ కెనడా సుప్రీంకోర్టు తీర్పు ఆధారంగా ధర్మాసనం గుర్తించింది. ఇంత స్పష్టంగా హానిని వర్ణించిన తరువాత మాత్రం వెనక్కు తగ్గింది. చట్టాలు ఇప్పటికే ఉన్నాయి, అమలు లేదు, మిగిలినది లా కమిషన్ చూడాలి అన్నది దాని సారాంశం. రోగాన్ని చక్కగా నిర్ధారించి, మందు చీటీ ఇంకొకరిని రాయమన్నట్టుంది.

ద్వేషపు మాటను కూడా రక్షించాలనే వారి వాదనను తేలికగా కొట్టిపారేయడం న్యాయం కాదు. 1969లో బ్రాండెన్‌బర్గ్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు కూ క్లక్స్ క్లాన్ నాయకుడి శిక్షను రద్దు చేస్తూ, తక్షణ చట్టవిరుద్ధ చర్యకు పురిగొల్పే ఉద్దేశమూ అది జరిగే అవకాశమూ ఉంటేనే మాటను శిక్షించవచ్చునని తేల్చింది. ఆ వాదన వెనుక ద్వేషం మీద ప్రేమ లేదు. ఏది ద్వేషమో నిర్ణయించే అధికారం ప్రభుత్వం చేతికి వస్తే ఏమవుతుందన్న భయం ఉంది. ఆ భయం నిజమేనని గుజరాత్ స్వయంగా రుజువు చేసింది. కాంగ్రెస్ రాజ్యసభ సభ్యుడు ఇమ్రాన్ ప్రతాప్‌గఢీ ఒక వీడియోకు జోడించిన ఉర్దూ కవితపై జామ్‌నగర్ పోలీసులు కేసు పెట్టారు. ప్రయోగించిన సెక్షన్లలో వర్గాల మధ్య శత్రుత్వం రెచ్చగొట్టడం కూడా ఉంది. అన్యాయాన్ని ప్రేమతో ఎదుర్కొందామనే కవిత అది! గుజరాత్ హైకోర్టు కేసు కొట్టివేయడానికి నిరాకరించింది. 2025 మార్చి 28న జస్టిస్ అభయ్ ఓకా, జస్టిస్ ఉజ్జల్ భుయాన్‌ల ధర్మాసనం ఆ ఎఫ్‌ఐఆర్‌ను రద్దు చేస్తూ, ప్రతి విమర్శనూ ముప్పుగా భావించే బలహీన మనస్కుల కొలతతో కాక, స్థిరచిత్తుల కొలతతో మాటను తూచాలని చెప్పింది. చదవడానికే తీరిక లేని పోలీసు చేతిలో ద్వేష ప్రసంగ చట్టం ఎలా ఉంటుందో చూపడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కరలేదు.

సూరత్ కోర్టు పేరు దేశమంతా మారుమోగిన కేసు మరొకటుంది. 2019 ఏప్రిల్ 13న కర్ణాటకలోని కోలార్ సభలో ‘మోదీ’ ఇంటిపేరుపై చేసిన వ్యాఖ్యకు రాహుల్ గాంధీని 2023 మార్చి 23న సూరత్ మేజిస్ట్రేట్ కోర్టు పరువునష్టం కింద దోషిగా తేల్చి రెండేళ్ళ జైలుశిక్ష విధించింది. మరునాడే ఆయన లోక్‌సభ సభ్యత్వం పోయింది. న్యాయశాస్త్రం ప్రకారం అది ద్వేష ప్రసంగ కేసు కాదు. కానీ ఫిర్యాదు వెనుక ఉన్న వాదం ‘ఒక సమూహాన్నంతా అవమానించాడు’ అన్నదే. ఆ వ్యాఖ్య హుందాగా లేదన్నది నిజం. సుప్రీంకోర్టు కూడా ఆ మాట అంది. అయితే 2023 ఆగస్టు 4న జస్టిస్ గవాయి, జస్టిస్ పి.ఎస్. నరసింహ, జస్టిస్ సంజయ్ కుమార్‌ల ధర్మాసనం శిక్షార్హతపై స్టే ఇస్తూ, గరిష్ఠ శిక్ష ఎందుకు వేశారో కింది కోర్టు కారణం చెప్పలేదని ఎత్తిచూపింది. శిక్ష ఒక్కరోజు తగ్గినా అనర్హత వచ్చేది కాదు. దేశ ప్రధాని ఇంటిపేరు కలిగిన వారిని ఆ వ్యాఖ్య ఏ వీధిలో నుంచి తరిమింది? ఎవరి దుకాణం మూయించింది?

తెలుగు నేల అనుభవం దీనికి తిరగబెట్టిన అద్దం. 2012 డిసెంబరులో నిర్మల్ సభలో అక్బరుద్దీన్ ఒవైసీ, పోలీసులను పదిహేను నిమిషాలు తప్పిస్తే అంటూ చేసిన ప్రసంగం ఇప్పటికీ చలామణిలో ఉంది. 2013 జనవరిలో అరెస్టయి నలభై రోజులు జైలులో ఉన్న ఆయనను, తొమ్మిదేళ్ళు దాటాక, 2022 ఏప్రిల్ 13న నాంపల్లి ప్రత్యేక కోర్టు నిర్దోషిగా విడిచిపెట్టింది. లక్షలమంది విన్న ప్రసంగాన్ని ప్రాసిక్యూషన్ సందేహానికి తావులేకుండా నిరూపించలేకపోయింది. అదే ఏడాది ఆగస్టులో గోషామహల్ ఎమ్మెల్యే రాజాసింగ్ ప్రవక్తపై వీడియో విడుదల చేశారు. అరెస్టు చేసినప్పుడు పోలీసులు ఇవ్వవలసిన నోటీసు ఇవ్వలేదన్న కారణం మీద ఆనాడే బెయిల్ దొరికింది. రెండు రోజులకు పీడీ చట్టం ప్రయోగించారు. నవంబరు 9న హైకోర్టు ఆ నిర్బంధాన్ని కొట్టివేసింది. ఆయనను సస్పెండ్ చేసిన భారతీయ జనతా పార్టీ 2023 అక్టోబరులో, ఎన్నికల ముంగిట, సస్పెన్షన్ ఎత్తివేసి టికెట్ ఇచ్చింది, ఆయన గెలిచారు. విచారణలో నిలబడే కేసు కట్టలేని పోలీసు వ్యవస్థ విచారణే అక్కరలేని నిర్బంధాన్ని ఆశ్రయించడం చేతకానితనమే తప్ప కఠినత్వం కాదు.

ఈ కేసులన్నిటినీ పక్కపక్కన పెడితే లోపం చట్టం లేకపోవడంలో లేదని తెలుస్తుంది. పాత శిక్షాస్మృతిలో 153ఎ ఉంది, 1927 నుంచి 295ఎ ఉంది. భారతీయ న్యాయ సంహితలో అవే 196, 299 అయ్యాయి. 153ఎ కింద శిక్ష పడితే, అది జరిమానా మాత్రమే అయినా, ప్రజాప్రాతినిధ్య చట్టం ఎనిమిదో సెక్షన్ ప్రకారం ఆరేళ్ళ అనర్హత. రాజకీయ నాయకుడికి ఇంతకంటే పదునైన కత్తి లేదు. అది ఒరలోంచి రాకపోవడానికి కారణం మరో నిబంధనలో దాగి ఉంది. ఈ నేరాలపై కోర్టు విచారణ చేపట్టాలంటే ప్రభుత్వ అనుమతి కావాలి. అంటే అధికార పక్షం నాయకుడు ద్వేషం చిమ్మితే, కేసు నడవాలా వద్దా అని నిర్ణయించేది అతడి పక్షమే. ప్రతిపక్షం కవికి ఎఫ్‌ఐఆర్, స్వపక్షం వక్తకు ఫైలు పెండింగు. 2023 ఏప్రిల్ 28న సుప్రీంకోర్టు అన్ని రాష్ట్రాలనూ ఫిర్యాదు లేకున్నా స్వయంగా కేసులు నమోదు చేయమన్నది. నమోదైన కేసు ఆ అనుమతి దగ్గర ఆగిపోతే ఆ ఆదేశానికి ఏమి విలువ?

అందువల్ల రక్షణ గీత ఎక్కడ గీయాలన్నది ముఖ్యం. 2015లో 66ఎ సెక్షన్‌ను కొట్టివేసిన తీర్పులో జస్టిస్ చలమేశ్వర్, జస్టిస్ నారీమన్‌ల ధర్మాసనం చర్చ, సమర్థన, ప్రేరేపణ అని మూడు మెట్లు చూపింది. మొదటి రెండూ ఎంత కటువుగా ఉన్నా రక్షితమే. ఆ విభజన సరైనదే. మతాన్ని విమర్శించినా, ప్రధానిని ఎగతాళి చేసినా, ఇంటిపేరు మీద చవకబారు చమత్కారం విసిరినా జైలు దాకా పోనక్కరలేదు. కానీ ఒక సమూహానికి అద్దెకు ఇల్లివ్వకండి, వారి దుకాణంలో కొనకండి, వారిని ఊళ్ళో ఉండనివ్వకండి అని వేదిక ఎక్కి పిలుపునివ్వడం అభిప్రాయ ప్రకటన కాదు. ఎదుటివాడి పంతొమ్మిదో అధికరణాన్నే లాక్కోవడం. మాట్లాడే హక్కు ఇచ్చిన ఆ అధికరణమే దేశంలో ఎక్కడైనా నివసించే హక్కూ, ఏ వృత్తి అయినా చేసుకునే హక్కూ ఇచ్చింది. ఉధ్నాలో మగ్గం నడిపేవాడు నిలబడింది ఈ రెండు హక్కుల మీదనే. అతడికి మైకు లేదు, టీవీ చానల్ లేదు, ద్వేషపు మాటకు జవాబు మరో మాట అని చెప్పడం అతడి విషయంలో కుదరదు. చాలామందికి అక్కడ ఓటు కూడా ఉండదు, సొంతూరి జాబితాలోనే ఉంటుంది.

గీత ఇరుకుగా గీయాలి, గీత దాటినవాడు ఏ పక్షంవాడైనా కేసు నడవాలి. రెండవది జరగాలంటే అనుమతి అధికారాన్ని ప్రభుత్వం చేతి నుంచి తప్పించి న్యాయాధికారికి ఇవ్వాలి. సుప్రీంకోర్టు అడిగిన మీదట లా కమిషన్ 2017 మార్చిలో 267వ నివేదిక ఇచ్చి, ద్వేష ప్రేరేపణకు 153సి, భయం కలిగించే ప్రసంగానికి 505ఎ అనే కొత్త సెక్షన్లు ప్రతిపాదించింది. ఆరేళ్ళ తరువాత శిక్షాస్మృతిని మొత్తంగా తిరగరాసే అవకాశం పార్లమెంటుకు వచ్చింది. 2024 జూలై 1న అమలులోకి వచ్చిన కొత్త సంహితలో ఆ రెండు సెక్షన్లూ లేవు. ప్రభుత్వ అనుమతి నిబంధన మాత్రం నాగరిక సురక్షా సంహిత 217వ సెక్షన్‌గా భద్రంగా ఉంది.